చెత్త బండి అందరిదీ, చావు మాత్రం మనదేనా?

తెల్లారుజామున చార్మినార్ కాడ ఒక్కసారి నిలబడి చూడండి. లాడ్ బజార్ షట్టర్లు దించే ఉంటయి. గాజుల దుకాణాలు, అత్తరు దుకాణాలు ఇంకా నిద్రలేవవు. ఆ టైముకి రోడ్డు మీద ఉండేది మన ఆడోళ్ళే. చేతిలో చీపురు, ఒంటి మీద మెరిసే కోటు, ముక్కుకు అడ్డంగా కొంగు. శాలిబండ, మొగల్‌పురా, హుస్సేనీ ఆలం, సుల్తాన్ షాహీ గల్లీలల్ల రాత్రి పడ్డ చెత్తంతా ఊడ్చి కుప్పలు చేస్తరు. కొద్దిసేపటికి ఆటో టిప్పరు వస్తది. పాతబస్తీ జనం దాన్ని కచరా గాడీ అంటరు. కుప్ప ఎత్తుతరు, ఆ చెత్త మీదనే ఎక్కి కూసుంటరు, ఇంకో గల్లీకి పోతరు. బండి నిండినంక మూసీ పక్కన ఇమ్లీబన్ ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌కి పోతది. అక్కడినుంచి పెద్ద బండ్లల్ల జవహర్‌నగర్ డంపుకి పోతది.

కేంద్ర ప్రభుత్వం దేశంలో పది చోట్లను ఏరి 'స్వచ్ఛ' ప్రసిద్ధ స్థలాలని పేరు పెట్టినప్పుడు అందులో చార్మినార్ ఉంది. ఫోటోలు దిగిన్రు. ఊడ్చినోళ్ళు ఆ ఫోటోల్లో లేరు. సరే, ఫోటో సంగతి వదిలేద్దాం. ఈ వ్యాసం అడిగేది ఒక్కటే ప్రశ్న. ఆ బండి మీదినుంచి మన అక్క జారిపడి చచ్చిపోతే, లేదా ఆ బండే వెనక్కి వస్తూ ఆమెను తొక్కేస్తే, ఆమె పిల్లలకు పైసలు ఎవరియ్యాలె?

"గదేం ప్రశ్న? బండికి ఇన్సూరెన్స్ ఉంటది గదా" అంటరు. ఉంటది. ఉన్నకాడనే ఉంది అసలు చిక్కు.

బండి ఎవరిది?

కార్పొరేషన్ పనిలో తిరిగే బండ్లన్నీ ఒక్క తీరువి కావు. కొన్ని గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ సొంతానివి. కొన్ని కాంట్రాక్టర్ల కాడ కిరాయికి తీసుకున్నవి. కొన్ని చెత్త మోసే కాంట్రాక్టు పట్టిన ప్రైవేటు కంపెనీవి. 2015 నుంచి వచ్చిన స్వచ్ఛ ఆటో టిప్పర్ల సంగతి ఇంకో తీరు. నిరుద్యోగ పిలగాండ్లను తీసుకొచ్చి 'డ్రైవర్ కమ్ ఓనర్' అని పేరు పెట్టిన్రు. బ్యాంకు అప్పుతో బండి ఇప్పించిన్రు. ఇంటింటికీ నెలనెలా వసూలు చేసుకొని అప్పు కట్టుకో, నువ్వు బతుకు అన్నరు. బండి మీద రంగు కార్పొరేషన్‌ది. ఏ గల్లీకి పోవాలె, ఎప్పుడు పోవాలె, చెత్త ఎక్కడ పొయ్యాలె అని చెప్పేది కార్పొరేషన్. ఆర్.సి. కాగితం మీద పేరు మాత్రం ఆ పిలగానిది.

బండెక్కే అక్క సంగతి చూడండి. ఆమె పని కార్పొరేషన్‌ది. హాజరు తీసుకునేది కార్పొరేషన్ మనిషి. జీతం ఇంకొకని ద్వారా వస్తది, 'ఔట్‌సోర్సింగ్' అంటరు. అంటే బండికి ఒక యజమాని, మనిషికి ఒక యజమాని, పనికి ఒక యజమాని. చెత్త ఎత్తినంతసేపు ముగ్గురూ యజమానులే. చావు వచ్చిననాడు ముగ్గురూ కాదు.

ఒక్క మనిషి, రెండు నాలుకలు

ఒక ఉదాహరణ చెప్పుకుందాం. ఇది ఏ ఒక్క అక్క కథా కాదు. కోర్టుల్లో నడిచే వాదన ఎట్లుంటదో తెలియడానికి చెప్తున్న.

మొదటి సంగతి. బండి కార్పొరేషన్‌దే. ఆమె రోడ్డు మీద ఊడుస్తుంటే ఆ బండి వెనక్కి వచ్చి గుద్దింది. ఇన్సూరెన్స్ లాయరు లేస్తడు. "అయ్యా, ఈమె ఈ బండి యజమాని దగ్గర పనిచేసే మనిషే. పనిలో ఉండగానే చచ్చిపోయింది. మేము పాలసీ ఇచ్చింది బయటివాళ్ళకు నష్టం జరిగితే కట్టడానికి. సొంత పనిమనుషుల సంగతి యజమాని చూసుకోవాలె" అంటడు. కార్పొరేషన్ లాయరు లేస్తడు. "ఈమె మా మనిషి కాదు. కాంట్రాక్టరు మనిషి" అంటడు.

రెండో సంగతి. బండి డ్రైవర్-ఓనర్‌ది. ఆమె చెత్త మీద కూసోని పోతుంటే మూలమలుపులో జారిపడ్డది. మళ్ళా ఇన్సూరెన్స్ లాయరే లేస్తడు. ఈసారి, "అయ్యా, ఈమె ఈ బండి యజమాని మనిషి కాదు. కార్పొరేషన్ మనిషి. ఇది సరుకు బండి. సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు మా పాలసీ వర్తించదు" అంటడు.

చూసిన్రా? బండి కార్పొరేషన్‌ది అయితే ఆమె యజమాని మనిషి. బండి వేరేవాడిది అయితే ఆమె యజమాని మనిషి కాదు. పైసలు తప్పించుకోవడానికి ఏది కావాలంటే ఆమె అది అయితది. బతికినంతకాలం ఏ రిజిస్టర్‌లో పేరు సక్కగ ఎక్కని ఆడమనిషి, చచ్చిపోయినంక మాత్రం ప్రతి లాయరు నోట్లో ఒక్కో పేరుతో నానుతది.

ఇది ఉత్త మాట కాదు. తీర్పులున్నయి. సరుకు బండిలో ఊరికే ఎక్కినవాళ్ళకు కంపెనీ కట్టాల్సిన పనిలేదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకుముందు 1999లో సత్పాల్ సింగ్ కేసులో ఇదే కోర్టు కట్టాలన్నది, మూడేండ్లకు మాట మార్చింది. 2012లో సంజీవ్ కుమార్ సామ్రాట్ కేసు వచ్చింది. సరుకు యజమాని బండిని కిరాయికి తీసుకొని తన కూలీలను ఎక్కిస్తే, ఆ కూలీలు బండి యజమాని పనిమనుషులు కారు కాబట్టి చట్టం అడిగే తప్పనిసరి పాలసీ వాళ్ళకు వర్తించదని తేల్చిన్రు. సరుకు ఒకరిది, బండి ఒకరిది, కూలీ మూడో మనిషి. పాతబస్తీ కచరా గాడీకి ఇంతకన్నా దగ్గర పోలిక ఇంకేముంటది?

ఆ తీర్పు పాత 147వ సెక్షన్ మీద వచ్చింది. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించిన్రు, కొత్త 147 సెక్షన్ 2022 ఏప్రిల్ 1 నుంచి నడుస్తున్నది. అందులో పాత మాటలు కొన్ని పోయినయి. కానీ 'సరుకు బండిలో ఉచిత ప్రయాణికులు' అనే మినహాయింపు సూటిగా రాసిపెట్టిన్రు. ఇక్కడ మనం గట్టిగా అడగాలె. చెత్త మీద కూసున్న అక్క ఉచిత ప్రయాణికురాలా? ఆమె ఏమన్న షికారుకు పోతున్నదా? ఆమె ఎక్కకపోతే ఆ బండి నిండుతదా? పని కోసం, పని చేయించేవాడు చెప్తే, పని నడుమ ఎక్కిన మనిషిని 'ఉచితం' అనడం మన చెమటను ఉచితం అనడమే. ఇది మన లాయర్లు ప్రతి కేసులో ఎత్తాల్సిన మాట.

ఇన్సూరెన్స్ కంపెనీ మాటలో కొంత న్యాయం

ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలె. ఇన్సూరెన్స్ అంటే ప్రీమియం లెక్క. పాలసీలో ఒక డ్రైవరు పేరుకే ప్రీమియం కట్టి, బండి మీద నలుగురిని ఎక్కిస్తే, "మేము తీసుకోని పైసలకు మేమెందుకు జవాబు చెప్పాలె?" అని కంపెనీ అడుగుతది. ఆ ప్రశ్నకు జవాబు లేదని మనం అనుకోవద్దు. కొంచెం అదనపు ప్రీమియం కడితే బండి మీద పనిచేసే క్లీనర్లను, కూలీలను పాలసీలో చేర్పించవచ్చు. ఆ పద్ధతి ఉంది. అది పెద్ద మొత్తమూ కాదు.

మరి ఎందుకు కట్టరు? ఎవరు కట్టాలె? డ్రైవర్-ఓనర్ కట్టాలా? ఆ పిలగాడు కిస్తు కట్టి, డీజిల్ పోసి, రిపేరు చేయించి, మిగిలిన దాంట్ల ఇల్లు నడుపుతడు. తన బండి మీద ఎంతమంది ఎక్కాలో వాడు నిర్ణయించడు. ఎక్కించేది సూపర్‌వైజరు. ఎక్కొద్దంటే రేపు ఆ గల్లీ ఇంకొకనికి పోతది.

అందుకే నా మాట ఇది. మన మొదటి కొట్లాట ఇన్సూరెన్స్ కంపెనీతో కాదు. మనుషులను బండెక్కించి, ఆ బండి కాగితాల మీద మాత్రం తన పేరు లేకుండ చూసుకునే కార్పొరేషన్‌తో. కంపెనీ పైసలియ్యనంటే అది వ్యాపారం. ప్రజల పన్నుతో నడిచే కార్పొరేషన్, ఊడ్చేటోళ్ళ చావు కాడ మాయమైతే అది వ్యాపారం కాదు, అది కులం. ఈ పని ఎవరిదో కులం నిర్ణయించింది. ఆ పనికి కూలి ఎంతో కాంట్రాక్టరు నిర్ణయించిండు. ఇప్పుడు చావు ధర కూడా ఎవడో నిర్ణయించుకుంటుంటే మనం చూస్తూ కూసుందామా?

ఇద్దరు పేదోళ్ళను కోర్టులో నిలబెట్టి

ఇంకో ఘోరం ఉంది. చాలామందికి ఇది తెల్వదు. బండి కాగితాలల్ల ఏదో లోపం ఉందనుకోండి. పర్మిట్ లేదు, డ్రైవరుకు సరైన లైసెన్సు లేదు. అప్పుడు కోర్టు ఏమంటది? "ముందు కంపెనీ బాధితులకు కట్టాలె, తర్వాత బండి యజమాని కాడ వసూలు చేసుకోవాలె" అంటది. 2004లో స్వరణ్ సింగ్ కేసులో లైసెన్సు సంగతిలో ఈ దారి చూపింది. 2018లో అమృత్ పాల్ సింగ్ కేసులో పర్మిట్ లేని బండికి ఇదే వర్తింపజేసింది. బాధితులకు అది మంచిదే. మరి వసూలు చేసేది ఎవరి కాడ? ఆర్.సి. మీద పేరున్న యజమాని కాడ. రిజిస్టర్ల పేరున్నవాడే యజమాని అని 2018లో నవీన్ కుమార్ కేసులో కోర్టు గట్టిగ చెప్పింది.

పాతబస్తీలో ఆ యజమాని ఎవరు? చాంద్రాయణగుట్టలో రేకుల ఇంట్లో ఉండే ముస్లిం పిలగాడు కావచ్చు. మన మాల, మాదిగ, మెహతర్ బస్తీ పిలగాడు కావచ్చు. లక్షల రూపాయలు వాని మీద పడతయి. కట్టకపోతే భూమిశిస్తు బకాయి వసూలు చేసినట్టు కలెక్టరు ద్వారా వసూలు చేసే అధికారం చట్టంలోనే ఉంది. అంటే ఏమైంది? చనిపోయిన దళిత అక్క పిల్లలు ఒక దిక్కు, అప్పుల పాలైన డ్రైవరు ఇంకో దిక్కు. ఇద్దరు పేదోళ్ళు పురానీ హవేలీ సిటీ సివిల్ కోర్టు వరండాలో ఒకరినొకరు తిట్టుకుంటుంటరు. ఆ ఇద్దరినీ ఒక బండి మీద ఎక్కించినవాడు ఆ వరండాకే రాడు. 'ఓనర్' అని మనకిచ్చిన గౌరవం ఇదేనా? భూమికి ఓనర్ చెయ్యమంటే చెయ్యరు. ఫ్యాక్టరీకి చెయ్యరు. అప్పుకు, నేరానికి, జరిమానాకు మాత్రం ఓనర్ని చేస్తరు.

లైసెన్సు విషయంలో ఒక మంచి కబురు ఉంది, డ్రైవర్ అన్నలు గుర్తుపెట్టుకోవాలె. లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు ఉన్నవాడు 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్టు బండి నడపవచ్చని 2017లో ముకుంద్ దేవాంగన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 నవంబర్‌లో ఐదుగురు జడ్జీల బెంచి దాన్ని ఖాయం చేసింది. ఆటో టిప్పరు ఆ లెక్కలోకే వస్తది. "నీ లైసెన్సు మీద ట్రాన్స్‌పోర్టు ముద్ర లేదు" అని ఎవరన్నా బెదిరిస్తే ఈ తీర్పు చూపించాలె.

మన చేతిలో ఉన్న తీర్పులు

కోర్టు దారులన్నీ మూసుకోలేదు. ఉత్తరప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ప్రైవేటు బస్సులను కిరాయికి తీసుకొని నడిపేది. ప్రమాదం జరిగితే "మా పాలసీ బస్సు ఓనరుకిచ్చినం, సంస్థకు కాదు" అని ఇన్సూరెన్స్ కంపెనీ అడ్డం తిరిగింది. 2011లో కుల్సుమ్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. బస్సు ఎవరి అదుపులో నడుస్తున్నదో ఆ సంస్థే యజమాని కింద లెక్క, బండితో పాటు దాని పాలసీ కూడా ఆ సంస్థకు పోయినట్టే, కంపెనీ కట్టాల్సిందే అన్నది. 2014లో అస్సాం నుంచి వచ్చిన పూర్ణ్యకళా దేవి కేసులో, ప్రభుత్వం స్వాధీనంలోకి తీసుకున్న బండికి ప్రభుత్వమే జవాబుదారీ, కాగితం మీది ఓనరు కాదు అన్నది.

ఈ రెండిటినీ కలిపి చూడండి. కచరా గాడీ ఎవరి అదుపులో ఉంది? రూటు ఎవరిది, టైము ఎవరిది, చెత్త ఎవరిది? కార్పొరేషన్‌ది. అట్లయితే యజమాని కార్పొరేషనే. పాలసీ కూడా బండితో పాటు దాని చేతికి పోయినట్టే. మరి కార్పొరేషన్ పని మీద బండెక్కిన అక్క ఇక పరాయి మనిషి ఎట్లయితది? 2012 తీర్పు తలుపు మూస్తే, 2011 తీర్పు కిటికీ తెరిచింది. అందులోంచి కోర్టులోకి పోవాల్సింది మన లాయర్లు, మన సంఘాలు.

ఇంకొకటి. "సర్కారు బండికి ఇన్సూరెన్స్ అక్కర లేదు" అని ఆఫీసుల్లో అలవోకగా చెప్తుంటరు. సగం నిజం. 146వ సెక్షన్ ప్రకారం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల సొంత బండ్లకు, వ్యాపారం కాని ప్రభుత్వ పనికి తిరిగితే, మినహాయింపు ఉంది. మున్సిపాలిటీ, పంచాయతీ అట్లా కాదు. అవి స్థానిక సంస్థలు. వాటికి మినహాయింపు కావాలంటే ప్రభుత్వం ప్రత్యేకంగా ఉత్తర్వు ఇయ్యాలె, ప్రమాద బాధితులకు కట్టడానికి ఆ సంస్థ ఒక నిధి పెట్టి నడపాలె. ఉత్తర్వూ నిధీ రెండూ ఉంటేనే మినహాయింపు. లేకపోతే పాలసీ ఉండాల్సిందే.

పల్లెలో ఉన్న సోదరులకు

ఇదంతా పట్నం ముచ్చటే అనుకోవద్దు. 2019లో పల్లె ప్రగతి మొదలైనంక తెలంగాణలో ఊరూరికీ పంచాయతీ ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు వచ్చినయి. ఆ ట్రాలీ మీద చెత్త ఎత్తేది, హరితహారం చెట్లకు నీళ్ళు పోసేది ఎవరు? మన వాడలోని పంచాయతీ కార్మికులే. ట్రాక్టరు మీద సీటు డ్రైవరుకు ఒక్కటే. మనోళ్ళు మడ్‌గార్డు మీద, ట్రాలీ మీద కూసుంటరు. కిందపడితే "ట్రాలీకి వేరే పాలసీ లేదు, మడ్‌గార్డు సీటు కాదు" అనే జవాబు తయారుగ ఉంటది. సర్పంచ్ అప్పు చూపిస్తడు, సెక్రటరీ ఫైలు చూపిస్తడు.

మీ ఊరి ట్రాక్టరు ఇన్సూరెన్స్ కాగితం ఎప్పుడన్నా చూసిన్రా? తేదీ దాటిందా? ట్రాలీ అందులో ఉందా? కార్మికులకు ప్రీమియం కట్టిన్రా? రేపే ఒక తెల్ల కాగితం మీద సమాచార హక్కు దరఖాస్తు రాయండి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. మనిషి పోయినంక కాగితం వెతకడం కన్నా, మనిషి ఉండగానే కాగితం అడగడం మేలు.

ఒక లెక్క

చావుకు లెక్క కట్టడం మనసుకు కష్టమే. కానీ లెక్క తెలియకపోతే మోసపోయేది మనమే. 38 ఏండ్ల అక్క, నెలకు 15,000 జీతం, ఆమె మీద ఆధారపడ్డోళ్ళు నలుగురు అనుకుందాం. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో 2009 నాటి సరళా వర్మ, 2017 నాటి ప్రణయ్ సేఠీ తీర్పుల ప్రకారం కట్టే లెక్క ఇట్లుంటది. జీతానికి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 21,000. సొంత ఖర్చు కింద నాలుగోవంతు తీస్తే 15,750. ఏడాదికి 1,89,000. ఆ వయసుకు 15తో హెచ్చిస్తే 28,35,000 రూపాయలు. అంత్యక్రియలు, తల్లిని కోల్పోయిన పిల్లల కింద ఇంకొంత కలుస్తది.

అదే కార్మిక నష్టపరిహారం లెక్కలో అయితే 14 లక్షల పైచిలుకు, అంటే సగం. ఇది 1923 చట్టం కింద ఉండేది, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. ఇక్కడ తప్పు ఎవరిదో రుజువు చెయ్యాల్సిన పనిలేదు, అది లాభం. ట్రిబ్యునల్‌లో 166 కింద పోతే డ్రైవరు తప్పు చూపించాలె, పైసలు ఎక్కువ. రెండిట్లో ఒక్కటే ఎంచుకోవాలె. ఈ ఎంపిక తెల్వక మనోళ్ళు ఎవడు ముందు కాగితం పెడితే దాని మీద వేలిముద్ర వేస్తరు.

ఈఎస్ఐ ఉన్నవాళ్ళ సంగతి వేరు. పనిలో చనిపోతే కుటుంబానికి నెలనెలా పింఛను వస్తది, జీతంలో 90 శాతం లెక్కన. కానీ ఈఎస్ఐ ఉన్న మనిషి యజమాని మీద మళ్ళా నష్టపరిహారం అడగరాదని 2009లో హమీదా ఖాతూన్ కేసులో కోర్టు చెప్పింది. అందుకే గుద్దిన బండి యజమానిదా, బయటివాడిదా అన్నది మొదటి రోజే తేల్చుకోవాలె.

ప్రమాదం జరిగితే చెయ్యాల్సింది

సంఘం కార్యకర్తలు ఇది కత్తిరించి దగ్గర పెట్టుకోండి. ముందు పోలీస్ స్టేషన్‌లో ఎఫ్.ఐ.ఆర్. అందులో బండి నంబరు, అది కార్పొరేషన్ పని మీద ఉందన్న మాట, సూపర్‌వైజరు ఏ గల్లీకి పంపిండన్న మాట రాయించాలె. ఎఫ్.ఐ.ఆర్. కాపీ పైసా లేకుండ ఇయ్యాలె, అడిగి తీసుకోవాలె. ఆనాటి హాజరు రిజిస్టరు ఫోటో తీయాలె, తెల్లారేసరికి అది మారిపోవచ్చు. బండి ఫోటో, దాని మీది రంగు, పేరు కనపడేటట్టు తీయాలె. తోటి కార్మికులు ఇద్దరు ముగ్గురి పేర్లు రాసుకోవాలె.

పోలీసులు ప్రమాదం నివేదికను ట్రిబ్యునల్‌కి పంపాలని 159వ సెక్షన్ చెప్తది. ట్రిబ్యునల్ ఆ నివేదికనే దావా కింద తీసుకోవచ్చు. అయినా దాని మీదనే భరోసా పెట్టుకోవద్దు. దావా 6 నెలల లోపల వెయ్యాలని 2019 సవరణ గడువు పెట్టింది. అంతకుముందు 1994 నుంచి గడువే లేదు. ఆ గడువు మీద సుప్రీంకోర్టులో కేసు నడుస్తుండగా, గడువు దాటిందని దావాలు కొట్టేయవద్దని 2025 నవంబర్‌లో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. దాన్ని నమ్ముకొని నిద్రపోవద్దు. మీరు ఉండే చోట ట్రిబ్యునల్‌లోనే దావా వెయ్యవచ్చు. పాలమూరు నుంచి వచ్చి పట్నంలో చచ్చిపోయిన మనిషి కోసం ఆమె వాళ్ళు పాలమూరులోనే వెయ్యవచ్చు.

తప్పెవరిదని చూడకుండ చావుకు 5 లక్షలు, పెద్ద గాయానికి రెండున్నర లక్షలు ఇచ్చే 164వ సెక్షన్ ఉంది. ఆకలిలో ఉన్న ఇంటికి అది పెద్ద మొత్తమే. కానీ ఆ పైసలు ఒప్పుకొని తీసుకుంటే ట్రిబ్యునల్‌లో వేసిన పెద్ద దావా పోతది. లోక్ అదాలత్‌లో రాజీ పడితే దాని మీద అప్పీలు లేదు. ఖాళీ కాగితం మీద, చదవని కాగితం మీద సంతకం వద్దు. వచ్చిన దాంట్ల సగం నాది అనే బ్రోకరు వద్దు. ఎస్సీ ఎస్టీలకు, ఆడోళ్ళకు ఆదాయం ఎంతున్నా 1987 చట్టం కింద ఉచిత లాయరు హక్కు. కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు పోయి అడగండి.

అడగాల్సింది ఇది

మురుగు కాలువలో దిగి చచ్చిపోయినోళ్ళకు 2014లో సుప్రీంకోర్టు 10 లక్షలన్నది, 2023 అక్టోబర్‌లో 30 లక్షలు చేసింది. మ్యాన్‌హోల్ ఎవరి పేరు మీద రిజిస్టర్ అయిందని ఎవ్వరూ అడగలేదు. అది ఊరికే రాలేదు. బెజవాడ విల్సన్ వంటివాళ్ళు, సఫాయి కర్మచారీ ఆందోళన్ ఏండ్లకేండ్లు చావులు లెక్కపెట్టి కోర్టు ముందు పెడితే వచ్చింది. బండి కింద చావులను మనం అట్లా లెక్కపెట్టినమా? పెట్టాలె.

కార్పొరేషన్‌ని మనం అడిగేది దానం కాదు. కార్పొరేషన్ పని మీద తిరిగే ప్రతి బండి పాలసీలో కార్పొరేషన్ పేరు ఉండాలె. బండెక్కే కార్మికులకు ప్రీమియం కార్పొరేషనే కట్టాలె. ఆ పాలసీ కాపీ హాజరు తీసుకునే ప్రతి జాగాలో గోడకు అంటించాలె. ప్రమాదం జరిగితే ముందు కార్పొరేషన్ కట్టాలె, తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీతో ఎన్నేండ్లయినా కొట్లాడుకోవాలె. డ్రైవర్-ఓనర్ మీద వసూలు పడితే అది కార్పొరేషన్ భరించాలె. అన్నిటికన్నా ముందు, మనుషులను చెత్త మీద కూసోబెట్టి తీసుకపోవడం ఆపాలె. పైసలకన్నా ప్రాణం ముందు.

ఈ నగరంలో పుట్టిన భాగ్యరెడ్డి వర్మ 1917లో బెజవాడ సభకు అధ్యక్షుడుగా ఉండి, పైవాళ్ళు మనకు పెట్టిన 'పంచములు' అనే పేరును కాదన్నడు. మేము ఆది ఆంధ్రులం అని ఆ సభ చాటింది. మన పేరు ఎక్కడ ఏమని రాస్తరన్నది మనకు ఏనాడూ చిన్న విషయం కాదు. బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన రోజుల్లోనే, 1944లో, కార్మికుల ఆరోగ్య బీమా మీద అదార్కర్ నివేదిక వచ్చింది. 1948 ఈఎస్ఐ చట్టానికి అదే పునాది. బీమా అనేది షావుకారి దయ కాదు, కార్మికుని హక్కు అన్న ఆలోచన ఆనాడే నాటుకున్నది.

ఇవ్వాళ మన పేరు ఎక్కాల్సిన కాగితం ఇంకొకటుంది. అది ఇన్సూరెన్స్ పాలసీ. ఓటరు లిస్టులో పేరుంది, చీపురు లెక్కలో పేరుంది, పాలసీలో లేదు. రేపు తెల్లారి హాజరు వేసే కాడ అక్కలందరు చీపురు కింద పెట్టి సూపర్‌వైజర్‌ని ఒక్క ప్రశ్న అడగండి. "సారూ, ఈ బండి పాలసీలో నా పేరుందా?" లేదంటే, పేరు ఎక్కేదాకా చెత్త మీద ఎక్కేది లేదని చెప్పండి. డ్రైవర్ తమ్ముళ్ళు కూడా మీతోనే నిలబడాలె. ఆ ప్రశ్న మీదే కాదు, వాళ్ళది కూడా.

జై భీమ్.